ప్రేమవిందుకి రాని టీచరు

ఉత్తరం మంగళవారం వచ్చింది. అమెరికాలో మేం మొదట కాపురం పెట్టిన నార్త్ కరోలినా ఊరి చర్చి నుంచి, టైపు చేసిన అరపేజీ. మా ఇంగ్లీషు టీచరు పోయింది. కిరాణా కొట్టు ముందు కారు తలుపు తెరుస్తూ పడిపోయిందట, గుండెపోటు. అంత్యక్రియలు కూడా అయిపోయాయి. ఆవిడ అడ్రసు పుస్తకంలో నా పేరుంది కాబట్టి తెలియజేస్తున్నామని రాశారు.

చదివి బల్ల మీద పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళానో గుర్తు రాక వెనక్కొచ్చాను. ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టి సగంలో వదిలేశాను. మావారు ఆఫీసులో, పాప స్కూల్లో. వర్జీనియాలో, ఈ షాంటిలీలో మా ఇల్లు పెద్దదేం కాదు, అయినా ఆ పూట అందులోనే రెండు మూడు మైళ్ళు నడిచి ఉంటాను. చివరికి కారు తీసి, ఫలానా చోటికని లేకుండా గంటసేపు తిరిగి వచ్చాను.

పోయినవాళ్ళని స్థిమితంగా కూర్చుని తలుచుకోవాలంటారు. ఈవిడ విషయంలో అది కుదరదు. ఆవిడ స్థిమితంగా కూర్చోగా నేను చూడలేదు.

చర్చి నేలమాళిగలో మా క్లాసు. పొడుగాటి బల్ల, చుట్టూ మడత కుర్చీలు, గోడకి నల్లబల్ల, మూల శ్రుతి తప్పిన పియానో. టీచరు కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. నల్లబల్ల దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి మా వెనక్కి, అక్కణ్ణించి తలుపు దాకా, నడుస్తూనే పాఠం చెప్పేది. చేతిలో కాఫీ. రెండు గుక్కలు తాగి ఎక్కడో పెట్టేసి, అది మర్చిపోయి, ఇంకో కప్పు పోసుకునేది. క్లాసయ్యాక కప్పులు ఏరుకురావడం మా పని. పియానో మీద రెండు, కిటికీ గట్టు మీద ఒకటి, కోట్లు తగిలించే చోట ఒకటి. అరవై దాటిన బక్కపలచటి మనిషి. తెల్లజుట్టు మగవాళ్ళలా కత్తిరించుకునేది. తాళాల గుత్తి వేలికి తగిలించుకుని గలగలలాడిస్తూ ఉండేది. మేం చెప్పే వాక్యం బాగుంటే ఆ చప్పుడు జోరందుకునేది, తప్పైతే ఆగేది.

ఆవిడ నాకు తగిలింది మా అపార్ట్‌మెంట్ల బట్టలుతికే గదిలో. నేను వచ్చి ఆరు నెలలు. తెనాలి కాలేజీలో ఇంగ్లీషు మీడియంలో బి.ఏ. చదివినదాన్ని, అక్కడివాళ్ళ మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. ఫోన్ మోగితే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. ఆ రోజు మెషీన్ ఆగేదాకా గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, ఆవిడ ఒక కాగితం పట్టుకుని గాలిలా లోపలికొచ్చింది.

"హనీ, పిన్ ఉందా?"

ఆ మాట మాత్రం అర్థమైంది. సంతోషంగా నా గాజులకి వేలాడుతున్న పిన్నీసు ఒకటి తీసిచ్చాను. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, గోడకి చెయ్యి ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఊరివాళ్ళ నోట్లో పెన్నూ పిన్నూ ఒక్కలాగే పలుకుతాయని, ఆవిడ అడిగింది రాసుకునే పెన్నని నాకు తర్వాత తెలిసింది. నవ్వు ఆపుకుని ఆ పిన్నీసుతోనే కాగితాన్ని బోర్డుకి గుచ్చింది. ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు, కారులో తీసుకెళ్ళి తీసుకొస్తాం అని ఉంది దాని మీద.

"నీ పేరు?"

"అనసూయ."

"యానా సూ! మా మేనత్త పేరూ యానా సూ!" అంది. "రేపు తొమ్మిదిన్నరకి రెడీగా ఉండు."

వస్తావా అని అడగలేదు. వెళ్ళిపోయింది.

మావారు వినగానే ముఖం చిట్లించారు. "చర్చిలోనా? వద్దు. ఫ్రీగా ఇంగ్లీషు ఎందుకు చెప్తారనుకున్నావ్? గ్రామర్‌తో స్టార్ట్ చేసి బాప్టిజంతో ఎండ్ చేస్తారు."

"ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతోందండీ," అన్నాను.

మర్నాడు తొమ్మిదీ ఇరవైకే కిటికీ కింద హార్న్ రెండుసార్లు మోగింది. పది నిమిషాలు ముందొచ్చి, మనమే ఆలస్యం చేసినట్టు హార్న్ కొట్టడం ఆవిడకి అలవాటు.

క్లాసులో ఆరుగురం. ఇద్దరు కొరియా ఆడవాళ్ళు, ఒక వియత్నాం అవ్వ, కొలంబియా నుంచి కొత్తగా పెళ్ళైన పిల్ల, ఇరాన్ నుంచి పర్వీన్, నేను. పర్వీన్ భర్త అక్కడి యూనివర్సిటీలో చదువుకునేవాడు. నా పక్క కుర్చీ ఆమెది. మా అందరిలోకీ ఇంగ్లీషు బాగా వచ్చింది ఆమెకే.

టీచరుకి పుస్తకం మీద నమ్మకం లేదు. అరగంట పాఠం కాగానే "కోట్లు వేసుకోండి" అనేది. అందర్నీ తన పొడుగాటి పాత కారులో కుక్కి పోస్టాఫీసుకి తీసుకెళ్ళేది. ఒక్కొక్కరం వరసలో నిలబడి ఒక్కొక్క స్టాంపు అడగాలి. వెనక జనం విసుక్కునేవాళ్ళు. నా మాట కౌంటరు దాకా చేరేది కాదు. "తప్పైనా సరే, గట్టిగా చెప్పు!" అని వెనకనుంచి అరిచేది. "మెల్లగా చెప్పిన ఒప్పుని ఎవరూ వినరు, హనీ." అలా మమ్మల్ని బ్యాంకుకి, మందుల షాపుకి, ఒకసారి మేకులు అమ్మే దుకాణానికి తీసుకెళ్ళి, వియత్నాం అవ్వ చేత ఎలకల బోను కొనిపించింది. అవ్వకి అది ఎందుకో అర్థం కాలేదు గానీ, తనే అడిగి కొన్నానన్న గర్వంతో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికెళ్ళింది.

ఇంతగా తిరిగే మనిషి ఆ రాష్ట్రం సరిహద్దు దాటింది రెండు మూడుసార్లేనట. విమానమంటే ప్రాణభయం. "నేను వెళ్ళలేను, అందుకే మీరంతా నా దగ్గరికి రావాల్సొచ్చింది," అనేది. కొరియాలో ఇప్పుడు చలా? మీ ఊళ్ళో పాలు ఎవరు పోస్తారు? పెళ్ళిలో ఏం తింటారు? జవాబు పూర్తికాకముందే ఇంకో ప్రశ్న.

అక్టోబరులో ఒకరోజు అందర్నీ దింపి, చివరికి నన్ను దింపడానికి వస్తోంది. మోరిస్‌విల్ వైపు రోడ్డు. అప్పుడక్కడ రైలు పట్టాలూ పొగాకు తోటలూ తప్ప ఏమీ ఉండేవి కాదు. మావారి మాట నా మనసులో ముల్లులా ఉంది. ఉండబట్టలేక అడిగేశాను.

"టీచర్, నన్ను క్రిస్టియన్ చేయాలని ఉందా మీకు?"

కారు సర్రున పక్కకి తీసి, పొగాకు ఎండబెట్టే కొట్టం ముందు ఆపేసింది. నా వైపు తిరిగింది.

"ఉంది," అంది. "అబద్ధం చెప్పను. రోజూ పొద్దున నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. నీకు అభ్యంతరమా?"

ఆ జవాబుకి నేను సిద్ధంగా లేను.

"లేదు," అన్నాను. "నేను కూడా దీపం పెట్టినప్పుడు మీ పేరు చెప్తాను."

"ఏమని?"

"మీరు కారు మెల్లగా నడపాలని."

స్టీరింగు మీద తల పెట్టి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, మునుపటికంటే వేగంగా పోనిచ్చింది. ఆ తర్వాత మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు. ఆవిడ ప్రార్థన ఆవిడ చేసుకునేది, నా దీపం నేను పెట్టుకునేదాన్ని.

నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. రోజూ టీవీలో అదే. పెట్రోలు బంకులో ఎవడో మావారిని "ఇరానీవా?" అని అడిగాడట. ఆ సాయంత్రం ఆయన నాతో, "బయటికెళ్ళేటప్పుడు బొట్టు కొంచెం పెద్దది పెట్టుకో. ఇండియన్ అని తెలుస్తుంది," అన్నారు. పెట్టుకున్నాను. పర్వీన్ పక్కన కూర్చున్నప్పుడు ఆ బొట్టు నా నుదుటి మీద బరువుగా ఉండేది. అయినా తీయలేదు.

కొట్లో ఒకామె పర్వీన్ తోస్తున్న సామాన్ల బండికి తన బండి అడ్డంపెట్టి, "మీ దేశానికి పో" అని అరిచిందని విన్నాం. పర్వీన్ క్లాసు మానేసింది. టీచరు వారంపాటు రోజూ ఆమె ఇంటిముందు కారాపి రెండు హార్న్‌లు కొట్టి, పది నిమిషాలు చూసి, ఇంకో రెండు కొట్టి వచ్చేది. ఎనిమిదో రోజున పర్వీన్ కోటు వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "మా పక్కింటివాళ్ళ కోసం వచ్చాను. పాపం, వాళ్ళు నిద్రపోలేకపోతున్నారు," అంది.

డిసెంబరు వచ్చేసరికి టీచరు కాళ్ళకి చక్రాలు మొలిచాయి. పేలాలు దారానికి గుచ్చి చెట్టుకి చుట్టించింది. బెల్లం రంగు బిస్కెట్లతో ఇల్లు కట్టించింది, అది రెండుసార్లు కూలింది. క్రిస్మస్ పాటల్లో ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పింది. అన్నిటికంటే ముఖ్యమైంది క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం జరిగే లవ్‌ఫీస్ట్. మా గుంటూరు వైపు క్రైస్తవులు ప్రేమవిందు అంటారు. ఆ చర్చిలో ఇది వాళ్ళ తాతముత్తాతలు జర్మనీ వైపు నుంచి తెచ్చుకున్న ఆచారం. జనం వరసల్లో కూర్చుని ఉండగా, తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు బుట్టల్లో తియ్యటి రొట్టెలు, వెనకాలే పళ్ళేల్లో పాలు కలిపిన కాఫీ తెచ్చి అందరికీ పంచుతారు. పాటలు పాడుతూ అందరూ ఒకేసారి తింటారు. ఆఖర్న తలా ఒక మైనపు కొవ్వొత్తి వెలిగించుకుంటారు.

"ఇది పూజ కాదు, పంక్తి," అని చెప్పింది టీచరు. "ఏ మతం వాళ్ళైనా తినొచ్చు. కలిసి తిన్నాక ఎవరితోనూ పోట్లాడకూడదు, అంతే."

ఆవిడ ఆ బుట్ట నలభై ఏళ్ళుగా మోస్తోందట. ఆ ఏడాది, "మీరు ఆరుగురూ నాతో కలిసి వడ్డిస్తారు" అని ప్రకటించింది. మా ఆరు పేర్లూ రాసి హాల్లో బోర్డుకి పెట్టింది. తెల్లబట్టలు కట్టుకోవాలి అంది. నాకు పెళ్ళై ఏడాది తిరగలేదు, తెల్లచీర ఎలా కడతాను? చెప్పాను. మా వైపు ఆ రంగుకి అర్థమేమిటో విని, మొదటిసారి తనే నాలుక కరుచుకుంది. జరీ అంచు ఉన్న మీగడ రంగు చీర మీద రాజీపడ్డాం.

రెండు వారాల ముందు నుంచీ క్లాసులో కొవ్వొత్తుల పని. కరిగిన మైనం చేతి మీద పడకుండా ఒక్కొక్కదానికీ ఎర్రటి ముడతల కాగితం కుచ్చులా చుట్టాలి. అందరికంటే పర్వీన్ చుట్టిన కుచ్చు అందంగా వచ్చేది. ఒక మంగళవారం అలా చుడుతూ ఉండగా చర్చి పెద్దల్లో ఒకాయన కిందికొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ చలికాలం మొదట్లో మా గది హీటరు పాడైతే మోకాళ్ళ మీద కూర్చుని బాగుచేసింది ఆయనే. టోపీ చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్క ఏడాదికి," అన్నాడు టీచరుతో. "ఆ అమ్మాయి మీద మాకెవరికీ కోపం లేదు. కానీ మనవాళ్ళలో ఒకావిడ కొడుకు సైన్యంలో ఉన్నాడు. రేపు ఎక్కడికి పంపిస్తారో తెలీదు. ఆ తల్లికి ఈ అమ్మాయి చేత్తో రొట్టె ఇవ్వడం... నీకు నేను చెప్పాలా?"

పర్వీన్ అక్కడే ఉంది, ఆయనకి నాలుగడుగుల దూరంలో, చేతిలో సగం చుట్టిన కొవ్వొత్తితో. గదిలో అందరికంటే బాగా ఇంగ్లీషు వచ్చిన మనిషి.

టీచరు వేలి మీద తాళాల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అని నేను చూస్తున్నాను.

"అలాగేలే," అంది. ఆ గొంతు ఆవిడదిలా లేదు. పర్వీన్ వైపు తిరిగి, "హనీ, ఈసారికి నువ్వు నా పక్కన కూర్చో. ముందు వరసలో," అంది.

పర్వీన్ తలెత్తింది.

"మీరు వడ్డిస్తూ ఉంటారు కదా, టీచర్. నేను ఎవరి పక్కన కూర్చోవాలి?"

పర్వీన్ ఆ కొవ్వొత్తికి కుచ్చు పూర్తిగా చుట్టి, మిగతావాటి పక్కన పెట్టి, కోటు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. బయట మంచు కలిసిన వాన. టీచరు తాళాలు పట్టుకుని పరిగెత్తింది. కారులో పక్కపక్కనే మెల్లగా పోతూ ఎక్కమని బతిమాలిందట. పర్వీన్ రోడ్డు దిగి, కోసేసిన పొలానికి అడ్డంపడి నడిచి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన, "మనం ఇన్వాల్వ్ అవ్వొద్దు. మన పేపర్లు ఇంకా ఇమిగ్రేషన్‌లోనే ఉన్నాయి," అన్నారు. ఆ రెండు రోజులూ నేను గదుల్లో తిరుగుతూ ఒక్క ఇంగ్లీషు వాక్యం తయారుచేసుకున్నాను. పైకి అనుకుని, దిద్దుకుని, మళ్ళీ అనుకుని.

గురువారం క్లాసయ్యాక కారులో ఇద్దరమే మిగిలినప్పుడు అనేశాను.

"మమ్మల్ని గట్టిగా చెప్పమంటారు. మీరు మెల్లగా కూడా చెప్పలేదు."

ఆవిడ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"నిజం," అంది. "నువ్వూ ఆ గదిలోనే ఉన్నావు, యానా సూ. నువ్వూ చెప్పలేదు," అంది.

ముఖమ్మీద కొట్టినట్టయింది. కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేలలేదు. ఆ పూట ఆవిడ కారు ఎంత మెల్లగా నడిపిందంటే, వెనక వచ్చేవాళ్ళు హార్న్ కొట్టారు.

క్రిస్మస్ ముందురోజు మీగడ రంగు చీర కట్టుకుని, వెళ్ళాలో మానాలో తేల్చుకోలేక మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. పెద్ద బొట్టు పెట్టుకున్నాను, చెరిపాను, చిన్నది పెట్టుకున్నాను. హార్న్ మోగింది. కాళ్ళు వాటంతటవే మెట్లు దిగాయి.

కారులో టీచరు తెల్లగౌనులో ఉంది. వెనక సీటులో మిగతావాళ్ళెవరూ లేరు. గుడ్డ కప్పిన రొట్టెల బుట్ట, కుళాయి ఉన్న పెద్ద కాఫీ పాత్ర, అట్టపెట్టె నిండా కుచ్చుల కొవ్వొత్తులు. కారంతా జాజికాయా నారింజ తొక్కా కలిసిన వాసన.

"మిగతావాళ్ళు?"

"చర్చి దగ్గర దింపేశాను."

నాలుగు రోడ్ల దగ్గర కారు ఎడమకి తిరిగింది.

"చర్చి అటు కదా, టీచర్."

"అరవై ఏళ్ళుగా వెళ్తున్నాను, హనీ. దారి తెలుసు," అంది.

పర్వీన్ వాళ్ళ అపార్ట్‌మెంటు ముందు ఆపింది. దిగి తలుపు కొట్టింది. జవాబు లేదు. పిలిచింది. వెనక్కొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి చెయ్యిపెట్టి హార్న్ కొట్టింది. కిటికీ పరదా కదిలింది. తలుపు తెరుచుకుని పర్వీన్ భర్త బయటికొచ్చాడు. సన్నటి కుర్రాడు, చలికోటు కూడా లేదు.

"మేడమ్, దయచేసి హార్న్ కొట్టకండి. ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారు. మాకు ఇబ్బంది."

"కొట్టను," అంది టీచరు. "కానీ కాఫీ చల్లారిపోతోంది. ఆ మాట ఆమెకి చెప్పు."

అతను లోపలికెళ్ళాడు. మేం నిలబడ్డాం. చర్చిలో ఆపాటికి పాటలు మొదలై ఉంటాయి. ఆవిడ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, ఆ కాసిని గజాల సిమెంటు మీద ముందుకీ వెనక్కీ నడుస్తోంది. నేను చలికి వణుకుతూ, కారు వెనక తలుపు తెరిచి, వేడిగా ఉన్న కాఫీ పాత్రకి చేతులానించి నిలబడ్డాను. చాలాసేపటికి పర్వీన్ గుమ్మంలోకొచ్చింది. నా వైపు చూసింది, చీర వైపు చూసింది. టీచర్ని మాత్రం లోపలికి రమ్మని తలుపేసింది.

పావుగంట అయి ఉంటుంది. లోపల్నుంచి టీచరు గొంతు వినబడుతోంది గానీ మాటలు తెలియడం లేదు. తర్వాత తలుపు తెరిచి నన్నూ పిలిచారు. పర్వీన్ భర్త వచ్చి కాఫీ పాత్ర మోశాడు. టీచరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారులోంచి తెచ్చిన బుట్టని ఆవిడ చేతిలోంచి పర్వీన్ తీసుకుంది. తనే అందరికీ తలొక రొట్టె పెట్టింది, ముందు టీచరుకి, తర్వాత నాకు. నలుగురం కార్పెట్ మీద ప్లేట్లు పట్టుకుని నిలబడే తిన్నాం. కొవ్వొత్తులు వెలిగిద్దామా అని టీచరు అడిగింది.

"వద్దు," అంది పర్వీన్. "అవి మీ చర్చివి."

టీచరు పెట్టె మూసేసింది.

జనవరిలో, నేలమాళిగకి రంగులు వేయాలి, తాళం ఇచ్చెయ్యమని చర్చివాళ్ళు అడిగారు. క్లాసు ఆవిడ ఇంటి వెనక వసారాలోకి మారింది. అక్కడ నడవడానికి చోటు తక్కువ, పాపం, బోనులో పులిలా తిరిగేది. ఏడాదిన్నర తర్వాత ఆ టోపీ పెద్దమనిషే వచ్చి నల్లబల్లని తన లారీలో ఎక్కించుకుని మళ్ళీ చర్చికి చేర్చాడు. అన్నాళ్ళూ ఆవిడ ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు. అలాంటివాళ్ళ మధ్య ఎలా కూర్చుంటారని అడిగాను. "నేనూ అలాంటిదాన్నే కదా," అని, నల్లబల్ల తుడవడం మొదలుపెట్టింది.

పర్వీన్ మళ్ళీ క్లాసుకి రాలేదు. ఆ వేసవిలో భర్తతో కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. మేము తర్వాత రెండేళ్ళకి వర్జీనియా వచ్చేశాం. వచ్చేముందు టీచరు చర్చి పార్కింగ్‌లో నాకు నెలరోజులపాటు డ్రైవింగ్ నేర్పింది. నేర్పినన్నాళ్ళూ తన వైపు లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉంది. ఏడాదికో ఉత్తరం రాసేది, అక్షరాలు కూడా ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తేవి.

ఉత్తరం వచ్చిన ఆ మంగళవారం పాప స్కూలు నుంచి వచ్చి పాలు తాగి ఆడుకోవడానికి వెళ్ళాక, పర్వీన్ నంబరు వెతికి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు అక్కడ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోంది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో మాట్లాడుకుంటాం. విషయం చెప్పాను.

"ఆ రోజు నిన్ను బయట నిలబెట్టేశాను," అంది పర్వీన్. "లోపల ఏం జరిగిందో నువ్వెప్పుడూ అడగలేదు."

"నువ్వే చెప్తావని ఊరుకున్నాను. క్షమించమని అడిగిందా?"

"లేదు. సారీ అనే మాటే అనలేదు. తలుపు దగ్గర నిలబడి, 'భయపడ్డాను అని మీ భాషలో ఎలా అంటారు?' అని అడిగింది. తర్సీదమ్ అని చెప్పాను. ఆవిడ అంది, తప్పుగా అంది. కాదన్నాను. మళ్ళీ అంది. నాకు ఎంత కోపంగా ఉందంటే, వదల్లేదు. ఇరవై సార్లు అనిపించి ఉంటాను. ఏడుస్తూ అంటూనే ఉంది. మా ఆయన ఇంక చాలు అన్నాడు. నేను చాలనలేదు. సరిగ్గా వచ్చాకే నిన్ను పిలిచాను."

"క్షమించావా?"

"తెలీదు," అంది పర్వీన్. "ఒక్కోసారి క్షమించాననిపిస్తుంది, ఒక్కోసారి లేదు. కానీ ఈ దేశం వాళ్ళలో, ఆ మాట మా భాషలో నాతో అన్నది ఆవిడ ఒక్కతే."

ఫోను తీగ ఎంత సాగుతుందో అంతమేరా నేను వంటింట్లో నడుస్తున్నాను. ఆగాను.

"పర్వీన్, ఆ మాట ఇంకోసారి చెప్పు," అన్నాను.

చెప్పింది. నేను అన్నాను.

"కాదు," అంది పర్వీన్. "మళ్ళీ అను."